రెండింజన్ల దోమ... రూపాయి బిళ్ళ పరీక్ష!

పోయిన వారం ఉత్తరాల కట్టలో ఒక కార్డు. "సినిమాల్లో కూలిపోయే విమానాలన్నీ కంప్యూటర్ బొమ్మలేనా? నిజంగా ఎగిరే బొమ్మలు ఇప్పుడెవరూ చెయ్యరా?" అని పార్వతీపురం నుంచి ఒక ఇంటర్ కుర్రాడు అడిగాడు. తమ్ముడూ, అడగవలసిన మనిషినే అడిగావు! ఎందుకంటే అలాంటి బొమ్మ ఒకటి మా మేనమామ ఇంటి వసారాలో రెండేళ్ళ పాటు పుట్టింది. దానికి నేను చేసిన సాయం, దాన్నించి నాకు తగిలిన దెబ్బ... రెండూ ఈ వారం చెప్పేస్తాను. దాచుకుని చేసేదేముంది?

మా మావయ్యది విజయనగరం. రైల్వేలో ఎలక్ట్రికల్ పని చేసి రిటైరయ్యాడు. కాలేజీలో ఎన్.సి.సి. ఎయిర్ వింగ్‌లో బొమ్మ విమానాలు చెయ్యడం నేర్చుకున్నాడట. పెళ్ళి, పిల్లలు, నైట్ డ్యూటీలు వచ్చి ఆ సరదా అటకెక్కింది. రిటైరైన నెలలోనే కిందికి దిగింది. మొదట చిన్నచిన్నవి చేశాడు. తర్వాత ఒకరోజు పెరట్లో సుద్దముక్కతో తొమ్మిదడుగుల గీత గీసి, "దీని రెక్కలు ఇంతరా!" అన్నాడు. మా అత్తయ్య ఆ గీత మీద నుంచే వడియాల చాప ఈడ్చుకుపోయింది.

ఆ విమానం పేరు మస్కిటో. అంటే దోమే! రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటన్ వాడిన రెండింజన్ల యుద్ధ విమానం. ఇది మన సినిమా పత్రికలోకి ఎందుకొచ్చిందంటారా? 1964లో వచ్చిన '633 స్క్వాడ్రన్' అనే ఇంగ్లీషు చిత్రానికి అసలు హీరో క్లిఫ్ రాబర్ట్‌సన్ కాదు, ఈ దోమే. నార్వేలో కొండల మధ్య సన్నటి లోయలోకి దూరి, శత్రువుల కార్ఖానా మీద బాంబులు వేసే కథ. ఎగిరేవి, నేల మీద పరుగెత్తేవి చాలావరకు నిజం విమానాలే. మరీ ప్రమాదమైన చోట చిన్న బొమ్మలు పెట్టారు. ఘోరమేమిటంటే, అప్పటికి రిటైరైన అసలు మస్కిటోల్ని కూడా షూటింగు కోసం పగలగొట్టారు. ఈ రోజుల్లో అయితే ఒక్కొక్కటి మ్యూజియంలో అద్దాల వెనుక కూర్చోవలసినవి! 1977లో వచ్చిన 'స్టార్ వార్స్' చివర్లో కందకం లాంటి దారిలో అంతరిక్ష విమానాలు దూసుకుపోయే ఘట్టం గుర్తుందిగా? ఆ ఘట్టానికి ఇలాంటి పాత యుద్ధ చిత్రాలే ప్రేరణ. '633 స్క్వాడ్రన్' పేరు ఆ వరసలో తప్పకుండా వినబడుతుంది.

మావయ్య ఆ చిత్రాన్ని ఎన్నిసార్లు చూశాడో లెక్కలేదు. కానీ దోమను ఎంచుకున్నది సినిమా కోసం కాదట. "ఇది చెక్క విమానంరా. అసలుదీ చెక్కే, నాదీ చెక్కే" అన్నాడు.

నిజమే! 1940 నవంబరు 25న మొదటిసారి ఎగిరిన ఈ విమానం ఒళ్ళంతా చెక్క. యుద్ధం రోజుల్లో లోహానికి కటకట. చెక్క పనివాళ్ళు మాత్రం బోలెడుమంది. డి హావిలాండ్ కంపెనీవారు పలచటి బర్చ్ ప్లైవుడ్ పొరల మధ్య బాల్సా చెక్క పెట్టి, జిగురుతో అతికి, పకోడీ పొట్లమంత తేలికగా, ఇనుమంత గట్టిగా చేశారు. కుర్చీలు, బల్లలు చేసే ఫర్నిచర్ కార్ఖానాల వాళ్ళు దీని భాగాలు చేశారు. విమానం పొట్టను వేరుశనగ కాయలాగ కుడి డొప్ప, ఎడమ డొప్ప విడివిడిగా చేసి, తీగలూ గొట్టాలూ లోపల బిగించి, ఆ తర్వాత రెండూ కలిపి అతికేవారు. ఈ చెక్క పెట్టె 1941 పరీక్షల్లో అప్పటి స్పిట్‌ఫైర్ కన్నా వేగంగా పోయిందంటే పెద్దపెద్దవాళ్ళు ముక్కు మీద వేలేసుకున్నారు. మొత్తం ఏడు వేల ఏడు వందల పైచిలుకు తయారయ్యాయి.

మావయ్య దాన్ని ఆరో వంతుకి కుదించాడు. అసలు రెక్కలు 54 అడుగుల పైన, ఈయనవి 9 అడుగులు. ముక్కు నుంచి తోక దాకా దాదాపు 7 అడుగులు. బాల్సా మన దగ్గర పండేది కాదు, ఈక్వడార్ నుంచి రావాలి. కలకత్తా నుంచీ బెంగుళూరు నుంచీ పార్శిళ్ళు వచ్చేవి. అత్తయ్య పార్శిల్ చేతిలో ఎత్తి చూసి, "ఇంత డబ్బు పోసి కొన్నది ఇంత తేలికా! మోసపోయారు" అనేది. తేలికగా ఉన్నందుకే అంత ధర అని ఆవిడకి చెప్పే ధైర్యం మా ఇద్దరికీ లేదు.

ఇంజన్లు రెండు, పెట్రోలువి, ఒక్కొక్కటి 35 సి.సి. పెట్రోల్లో టూటీ ఆయిలు కలిపి పొయ్యాలి, పాత స్కూటర్లకి పోసినట్టే. మూడు రెక్కల ఫ్యాన్లు 18 అంగుళాలవి. వేలు పెడితే వేలుండదు. లోపల బుల్లి మోటార్లు, వాటిని సర్వోలంటారు. అలిరాన్లకు రెండు, ఫ్లాపులకు రెండు, తోకలో మూడు, ఇంజన్ల యాక్సిలరేటర్లకు రెండు, చక్రాలు ముడిచే గాలి వాల్వుకి ఒకటి, తోక చక్రానికి ఒకటి... వెరసి పదకొండు. బ్యాటరీలు కూడా రెండు సెట్లు. ఒకటి చచ్చినా రెండోది బతికించాలి. చక్రాలు ముడవడానికి సైకిల్ పంపుతో చిన్న సీసాలో గాలి కొట్టుకునేవాడు.

నాకు బాగా నచ్చింది చక్రాల కాళ్ళు. అసలు మస్కిటో కాళ్ళలో దెబ్బ తట్టుకోవడానికి నూనె స్ప్రింగులు లేవు. రబ్బరు దిమ్మెలు ఒకదాని మీద ఒకటి పేర్చి పెట్టారు. మావయ్య మా అత్తయ్య హవాయి చెప్పు కోసి, బిళ్ళలు చేసి గొట్టంలో దించాడు. అచ్చం అసలుదే! రెండో చెప్పు చాలా రోజులు గుమ్మం దగ్గర ఒంటరిగా ఉండేది. ముక్కు తుపాకుల గొట్టాలు పాత టీవీ యాంటెన్నావి. ముక్కు తేలిపోకుండా బరువు కావాల్సి వస్తే భీమిలి వెళ్ళి వలలకి కట్టే సీసం గుళ్ళు కొనుక్కొచ్చాడు. అంతా కలిపి 19 కిలోలు తూగింది.

ఇక రంగు. ఆకుపచ్చ, బూడిద మచ్చలు వేస్తాడనుకున్నాను. వెండి రంగు కొట్టాడు! బర్మా మీద పోరాడటానికి మన దేశం వచ్చిన మస్కిటోలు వెండి రంగువేనట. ఎండ వేడిని వెనక్కి కొట్టడానికి. గుండ్రటి గుర్తులో ఎరుపు కూడా ఉండదు, ముదురు నీలం, లేత నీలం మాత్రమే. ఎర్రటి చుక్క చూసి జపాను విమానమనుకుని మనవాళ్ళే కాల్చేస్తారని తీసేశారట.

ఈ ఎర్రచుక్క సంగతి గుర్తుంచుకోండి. కథ ఇక్కడే తిరుగుతుంది.

నేను ఏ పత్రికకు రాస్తే ఆ పత్రిక దయ మీద బతికే మనిషిని. స్టూడియోల చుట్టూ తిరిగేటప్పుడు ఒక యూనిట్ వాళ్ళు, పేరెందుకు లెండి, ఫ్లాష్‌బ్యాక్‌లో 1942 విశాఖ బాంబు దాడి తీస్తున్నామన్నారు. గ్రాఫిక్స్ ఖర్చు చూసి గుండె పట్టుకుని ఉన్నారు. "నిజంగా ఎగిరే విమానం మా మావయ్య దగ్గరుంది" అని నోరు జారాను. మర్నాడే కో-డైరెక్టరు విజయనగరంలో దిగాడు. చూసి మురిసిపోయాడు. ఇరవై వేలు అడ్వాన్సు! మధ్యవర్తిగా నాకు అందులో అయిదు వేలు. ఆ అయిదు వేలు ఆ సాయంత్రానికే ఇంటి అద్దె బాకీలో కలిసిపోయాయి.

"తెర మీద చూసుకోవచ్చు మావయ్యా" అన్నాను. ఆయన కళ్ళు మెరిశాయి. కానీ కో-డైరెక్టరు వెళ్తూవెళ్తూ, "ఈ రెక్కల మీద పెద్ద ఎర్ర బొట్లు పెడితే జపాన్ విమానం అయిపోద్దండి. హీరో కొట్టేస్తాడు" అన్నాడు.

మావయ్య మొహం చూడాలి! "ఏమండీ, 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద పడ్డవి ర్యూజో అనే ఓడ మీద నుంచి ఎగిరొచ్చిన విమానాలు. ఆ ఓడ మీది విమానాలన్నీ ఒంటి ఇంజన్‌వి. ఇది బ్రిటిష్ వాడిది, రెండింజన్లది. పైగా మస్కిటో మన దేశానికి వచ్చిందే 43లో. మా నాన్న ఆ రోజు విశాఖలో ఉన్నాడండీ. కట్టుబట్టల్తో కాలినడకన ఊరొదిలి వచ్చాడు. ఆయన నెత్తిన బాంబేసింది ఈ విమానమని చూపిస్తారా?"

కో-డైరెక్టరు చిరునవ్వుతో, "ఇంజన్లు ఎవడు లెక్కపెడతాడండీ!" అన్నాడు. పాఠకులారా, మీరు లెక్కపెడతారో లేదో మీకే తెలియాలి.

రెండు రోజులు అలిగాడు. మూడో రోజు తానే, "స్టిక్కర్లు అంటించుకోమను. షూటింగవగానే నేనే పీకేస్తా" అన్నాడు. తెర మీద చూసుకోవాలన్న ఆశ అలాంటిది. తప్పు పట్టకండి.

షూటింగుకి మూడు వారాలుంది. రెక్క ఇంకా పూర్తి కాలేదు. రెక్క లోపల ఈ చివర నుంచి ఆ చివర దాకా పోయే దూలం ఉంటుంది, దాన్ని స్పార్ అంటారు. పైన ఒక పట్టీ, కింద ఒక పట్టీ, మధ్యలో పలచటి పలకలు. విమానం బరువంతా దాని మీదే. పలక పట్టీకి వెంట్రుక సందు లేకుండా ఆనాలి, అప్పుడే జిగురు పట్టుకుంటుంది. మావయ్యకి జ్వరం వచ్చి పడుకుంటే ఎడమ రెక్కలో నాలుగు పలకలు నేను అతికాను. ఒకటి కొంచెం పొట్టిగా కోశాను. అగ్గిపుల్ల దూరేంత సందు. కొత్త పలక కోసి, మళ్ళీ అతికి ఆరబెట్టాలంటే ఒక రోజు పోతుంది. అవతల కో-డైరెక్టరు పూటకోసారి ఫోను. చెక్కపొడిలో జిగురు కలిపి ఆ సందులో కూరి, గరుకు కాగితంతో రుద్దేశాను. పైన తొడుగు పడ్డాక బ్రహ్మదేవుడికి కూడా కనబడదు. ఎవరికీ చెప్పలేదు.

షూటింగుకి నాలుగు రోజుల ముందు. వెండి రంగు మెరుస్తోంది. మావయ్య జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి, రెక్క మీద టక్ టక్ మని కొట్టుకుంటూ పోతున్నాడు. కుండ కొనేటప్పుడు మా అమ్మమ్మ ఇలాగే కొట్టి చూసేది. టక్, టక్, టక్... ఎడమ ఇంజన్ దాటాక 'డప్'. మళ్ళీ కొట్టాడు. డప్. నా వైపు చూడలేదు. "ఇక్కడ అతికింది నువ్వు కదూ?" అన్నాడు.

చెప్పేశాను.

తిట్టలేదు. అదే బాధ. కుర్చీ లాక్కుని కూర్చుని, 1944 సంగతి ఎత్తుకున్నాడు. మన దేశంలోనూ బర్మా వైపూ మస్కిటోలు ఆ ఏడాది వరసగా కూలాయట. రెక్క పైతొడుగు స్పార్ నుంచి విడిపోతోందని అనుమానం. నవంబరులో విమానాల్ని నేలకి దింపేశారు. మన ఎండలకి, మన వానలకి జిగురు పాడైపోయిందని అందరూ మన వాతావరణాన్నే ఆడిపోసుకున్నారు. కంపెనీ మనిషి హెరెవర్డ్ డి హావిలాండ్ మన దేశానికి వచ్చి చూసి, జిగురుది కాదు తప్పు, వానల్లో చెక్క ముడుచుకోవడంది అని రాశాడు. తర్వాత ఇంగ్లండులో వేరే దర్యాప్తు చేశారు. వాన మొహం చూడని విమానాల్లో కూడా అవే లోపాలు! కార్ఖానాలోనే అతుకులు సరిగ్గా పడలేదని తేలింది.

"ఆ అతుకు వేసినవాడు ఎక్కడో ఇంగ్లండులో టీ తాగుతున్నాడురా. ఎక్కినవాడు ఇక్కడ పోయాడు" అన్నాడు.

"ఇందులో ఎవరూ ఎక్కరు కదా మావయ్యా" అన్నాను. ఎంత తెలివితక్కువ మాటో నోట్లోంచి వచ్చాకే తెలిసింది.

"కింద ఎవరుంటారు?"

కింద నూట యాభై మంది జూనియర్ ఆర్టిస్టులు. ఆడవాళ్ళు, పిల్లల్ని చంకనెత్తుకున్నవాళ్ళు. బాంబులు పడుతుంటే పరిగెత్తే షాటు. వాళ్ళ నెత్తి మీంచి 19 కిలోల సామాను, లోపల పెట్రోలు, ముందు రెండు తిరిగే కత్తులు. ఒక రోజు కూలి కోసం వచ్చే మనుషులు వాళ్ళు. నేను వాళ్ళ మధ్య తిరిగేవాణ్ణి. అద్దె బాకీలో పడి వాళ్ళనే మర్చిపోయాను.

మావయ్య బ్లేడు తీసుకుని వెండి రంగు రెక్క మీద నిలువుగా కోత పెట్టాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. యూనిట్‌కి ఫోను చేసి, "కుదరదు. కుదిరినా జనం నెత్తి మీద ఎగరెయ్యను. ఖాళీ మైదానంలో తీసుకుంటే తర్వాత చూద్దాం" అన్నాడు. అవతల వాళ్ళు నానా మాటలన్నారు. తప్పులేదు, సెట్టు వేసుకుని కూర్చున్నారు పాపం. అడ్వాన్సు ఇరవై వేలూ వెనక్కి పంపాడు. అందులో నా అయిదు వేలు ఆయనే వేసుకున్నాడు. నెలకి అయిదు వందల చొప్పున తీర్చాను. వద్దని అనలేదు, చెయ్యి చాచి తీసుకునేవాడు.

ఇక్కడ ఆగి ఆ ఇంటర్ తమ్ముడికి జవాబు చెప్పాలి. ఎగిరే బొమ్మలు మొన్నమొన్నటి దాకా హాలీవుడ్‌లో వాడుతూనే ఉన్నారు. 1969 నాటి 'బ్యాటిల్ ఆఫ్ బ్రిటన్'లో రేడియో బొమ్మలున్నాయి, స్పీల్‌బర్గ్ 1987లో తీసిన 'ఎంపైర్ ఆఫ్ ద సన్'లో పెద్దపెద్దవి ఉన్నాయి. 2004లో స్కోర్సేసీ 'ది ఏవియేటర్'లో హోవర్డ్ హ్యూస్ విమానం బెవర్లీ హిల్స్ ఇళ్ళ మీద కూలుతుంది చూడండి, 1946 జూలై 7న నిజంగా జరిగినదే. ఎక్స్ఎఫ్-11 అనే రెండింజన్ల విమానం, కుడివైపు ఫ్యాన్లలో ఒకటి చమురు కారిపోయి తిరగబడటం వల్ల కూలింది. ఆ చిత్రానికి దాని రేడియో బొమ్మను కూడా కట్టి ఎగరేశారు.

బొమ్మ బొమ్మలా కనబడకుండా చేసే కిటుకు కెమెరాలో ఉంది. చిన్న వస్తువు ఊగినా, పడినా చకచకా జరిగిపోతుంది. అందుకని ఎక్కువ ఫ్రేములు తీసి, మామూలు వేగంతో వేస్తారు. ఎంత ఎక్కువ? కుదింపు ఎన్నో వంతో దాని వర్గమూలం. మావయ్యది ఆరో వంతు కాబట్టి రెండున్నరకి కాస్త తక్కువ. సెకనుకి 24 బదులు దాదాపు 59 ఫ్రేములు. అప్పుడు 19 కిలోల చెక్క తెర మీద టన్నుల బరువుతో వాలుతుంది. మీ సెల్‌ఫోనులోనే చేసి చూసుకోవచ్చు.

మావయ్య రెక్క విప్పి, నా నాలుగు పలకలూ పీకి, పక్కన కూర్చోబెట్టి నా చేతే మళ్ళీ కోయించి అతికించాడు. ఎండాకాలం వచ్చింది. ఊరికి దూరంగా ఎండిన చెరువు గర్భంలో, మనుషులూ పశువులూ లేనిచోట ఎగరేశాం. రెండింజన్లూ ఒకే శ్రుతిలో పలకాలి. లేకపోతే విమానం పక్కకి లాగుతుంది. దోమకి రెండు ఫ్యాన్లూ ఒకే వైపు తిరుగుతాయి కనుక నేల మీద పరిగెత్తేటప్పుడు ఎడమకి గుంజుతుంది. మెల్లిగా వేగం పెంచుతూ, తోక లేచాక, తేలింది. తేలగానే చక్రాలు కడుపులోకి ముడుచుకున్నాయి. అత్తయ్య చెప్పుతో సహా! ఆవిడ గొడుగు కింద నిలబడి చప్పట్లు కొట్టింది.

ఆరో నిమిషంలో ఎడమ ఇంజన్ ఆగిపోయింది.

రెండింజన్ల విమానానికి ఇదే గండం. ఒకటి ఆగితే రెండోది కాపాడుతుందనుకుంటాం. వేగం తగ్గితే ఆ రెండోదే చంపుతుంది! బతికున్న ఇంజన్ ముక్కును చచ్చిన ఇంజన్ వైపు తోస్తుంది, ఆ రెక్క కుంగుతుంది, విమానం వెల్లకిలా పడుతుంది. ఇంగ్లండులో ఎగురుతూ మిగిలిన ఒకే ఒక్క మస్కిటో 1996 జూలైలో ఎయిర్ షోలో ఇలాగే ఎడమ ఇంజన్ తడబడి, అదుపు తప్పి కూలింది. ఇద్దరు పోయారు. మావయ్యకి ఆ సంగతి కంఠోపాఠం. భయపడి గ్యాసు పెంచలేదు. కుడి ఇంజన్ తగ్గించాడు. ముక్కు దించాడు. రెక్కలు సమంగా పట్టి, ఉన్నదారినే చెరువు అవతలి గట్టు వైపు దింపేశాడు. చక్రాలు వచ్చాయి. ధబ్బున ఒకసారి ఎగిరి, మళ్ళీ కూర్చుని, దుమ్ములో నిలబడింది.

పరిగెత్తుకుంటూ పోయాం. ట్యాంకులో పెట్రోలు పీల్చే రబ్బరు గొట్టం చీలింది. పాతిక రూపాయల గొట్టం! మావయ్య దాని సంగతి పట్టించుకోలేదు. మోకాళ్ళ మీద కూర్చుని, జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ఎడమ రెక్క మీద కొట్టాడు. టక్. ఇంకాస్త పక్కన. టక్. బిళ్ళ నా చేతికిచ్చి, "కుడిది నువ్వు చూడు" అన్నాడు.

అన్నట్టు ఆ చిత్రంలో విశాఖ ఫ్లాష్‌బ్యాక్ గ్రాఫిక్స్‌లోనే తీశారట. నిడివి ఎక్కువైందని ఎడిటింగులో అదీ ఎగిరిపోయిందని విన్నాను.